లోపలి మార్గము

ఉత్తర అమెరికా పటమును చూచినచో, వాంకూవర్ నగరమునుండి అలాస్కావరకు పడమటి తీరము చినిగిన గుడ్డ అంచువలె కనిపించును. అచట వేలకొలది దీవులును, కొండల నడుమకు చొచ్చుకొనిపోయిన సన్నని సముద్రపు పాయలును కలవు. పూర్వకాలమున మంచునదులు తొలిచిన లోయలలోనికి తరువాత సముద్రము ప్రవేశించుటచే ఇవి ఏర్పడినవి. దీవులు పసిఫిక్ మహాసముద్రపు కెరటములను అడ్డుకొనగా, వాని చాటున ఒక నీటిబాట నిలిచినది. దానికి ‘లోపలి మార్గము’ అని పేరు. ప్యూజెట్ సౌండునుండి అలాస్కాలోని స్కాగ్వే రేవువరకు దాని పొడవు ఇంచుమించు 1,600 కిలోమీటర్లు.

హైడా మొదలగు ఆదివాసి జాతులవారు సీడరు మ్రానులను తొలిచి చేసిన దోనెలలో ఈ తీరమున తరతరములుగా సంచరించిరి. 1792 మొదలు 1794 వరకు జార్జి వాంకూవర్ అను ఆంగ్ల నావికుడు దీనిని కొలిచి పటములు గీయించెను. నేడు వేసవి వచ్చినంతనే అనేక కుటుంబములు సొంత పడవలలో ఈ దారిని బయలుదేరును. వంటయు, నిద్రయు పడవలోనే.

దీవుల చాటున ఉన్నంతమాత్రమున ఈ నీరు సాధువని తలపరాదు. పొగమంచు కమ్మినచో ఎదుటి గట్టు కానరాదు. అడవులనుండి కొట్టుకొనివచ్చిన దుంగలు నీట సగము మునిగి పడవ అడుగును చీల్చగలవు. వీనికంటెను భయంకరమైనది ఆటుపోటుల ప్రవాహము. వాంకూవర్ దీవి రెండు కొనలనుండియు పోటు లోనికి వచ్చును. ఇరుకుదారికి ఈవల నీరు ఒక ఎత్తున, ఆవల మరియొక ఎత్తున ఉండుటచే, సముద్రము నదివలె పారును.

అట్టి ఇరుకులలో ప్రసిద్ధమైనది సేమూర్ నారోస్. వాంకూవర్ దీవికిని క్వాడ్రా దీవికిని నడుమ, వెడల్పు సుమారు 750 మీటర్లు మాత్రమే. ప్రవాహము గంటకు 28 కిలోమీటర్ల వరకు పరుగెత్తును. గంటకు 12 కిలోమీటర్లు పోగల చిన్న పడవ దాని కెదురు నిలిచినచో, యంత్రము ముందుకు లాగుచుండగనే పడవ వెనుకకు పోవును! నడుమ రిపిల్ రాక్ అను జంట శిఖరముల రాతిగుట్ట నీటి క్రింద దాగియుండెడిది. నీరు తగ్గినప్పుడు ఒక శిఖరము పైమట్టమునకు మూడు మీటర్ల లోపుననే యుండెడిది. అచట నూటికి పైగా ప్రాణములు పోయినవి. 1943లో నీటిపై నిలిపిన బల్లకట్టు మీదినుండి దానిని తొలువబోగా ఉక్కు మోకులే తెగినవి. తుదకు మాడ్ దీవినుండి సముద్రగర్భము క్రిందుగా సొరంగము త్రవ్వి, 1958 ఏప్రిల్ 5న సుమారు 1,270 టన్నుల మందుగుండుతో శిఖరములను పేల్చివైచిరి.

గుట్ట పోయినది గాని ప్రవాహము పోలేదు. ఆటునకును పోటునకును నడుమ నీరు కొద్ది నిమిషములు నిలుచును. చిన్న పడవలవారు దాటవలసినది అప్పుడే. ఆ సమయములు కెనడా ప్రభుత్వము ఏటేట ప్రకటించు పట్టికలలో నిమిషములతో సహా ముద్రితమై యుండును. సమయము తప్పినచో ఏదైన మూలలో లంగరు వేసి, ప్రవాహము మరల నిలుచువరకు వేచియుండుటయే.

లంగరు వేయుట కూడ లెక్కతో కూడిన పని. విశాఖపట్నమువద్ద ఆటుపోటుల భేదము రెండు మీటర్లకు మించదు. ప్రిన్స్ రూపర్ట్ రేవున పెద్ద పోటునాడు అది ఆరు మీటర్లు దాటును. సాయంకాలము నిండుపోటున చూచి ‘ఇచట చాలినంత లోతున్న’దని నిద్రించినవారు, అర్ధరాత్రి పడవ రాళ్లపై ఒరిగిపోగా మేల్కొనవలసివచ్చును. కావున ముందుగా పట్టిక చూచి, నీరెంత తగ్గునో లోతునుండి తీసివేసి, మిగులు చాలినచో లంగరు దించవలెను.

కెనడాకు చెందిన ఎం. వైలీ బ్లాంచెట్ అను వితంతువు, 25 అడుగుల ‘కెప్రీస్’ అను పడవలో తన అయిదుగురు బిడ్డలతో ఈ తీరమున ఎన్నియో వేసవులు గడపెను. యంత్రము చెడినచో బాగుచేసుకొనుటయు ఆమె పనియే. అందుకు నిపుణుడు దొరకుటకు అచట ఊరేది? ఆమె అనుభవములు 1961లో ‘ది కర్వ్ ఆఫ్ టైమ్’ అను గ్రంథముగా వెలువడినవి. ఆ జలములలో తిరుగువారు నేటికిని ఆ పుస్తకమును తమ పడవలలో ఉంచుకొందురు.