కాలి ఎముకతో కొత్త దవడ

నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్ అనగానే మనవాళ్ళకి ముందు వచ్చే భయం ముఖం గురించే. మా ఇంట్లోనూ అంతే. మా ఆయన బస్సు కండక్టరు. ఇరవై ఏళ్ళ గుట్కా అలవాటు. కింది చిగురు మీద పుండు నెల దాటినా మానలేదు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. స్కానింగ్‌లో దవడ ఎముకకి కూడా పాకిందన్నారు.

"దవడ తీసేస్తే నలుగురిలోకి ఎలా వెళ్తానే? ఉన్నన్నాళ్ళు ఇలాగే ఉంటా" అని మొండికేశారు. ఆకుపసరు తెస్తామంటూ బంధువులు బయల్దేరారు. ఆయన్ని కదిలించింది డాక్టరుగారి మాటే. "తీసెయ్యడం, తిరిగి కట్టడం రెండూ ఒకే ఆపరేషన్‌లో చేస్తాం. ఆలస్యమైన కొద్దీ తియ్యాల్సింది పెరుగుతుంది, కట్టడం కష్టమవుతుంది."

ఎలా కడతారో కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. మన బరువు దాదాపు అంతా మోసేది పెద్దదే. పక్కనున్న సన్నటిదాన్ని ఫిబ్యులా అంటారు. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కొసలు ఉంచి మధ్య భాగం తీసినా నడవొచ్చట. ఆ ఎముకని రక్తనాళాలతో, పైనున్న కాస్త చర్మంతో సహా తీస్తారు. దవడ వంపుకి సరిపోయేలా కోసి, టైటానియం ప్లేటుతో బిగిస్తారు. వెంట్రుకకన్నా సన్నని దారంతో, మైక్రోస్కోపులో చూస్తూ, ఆ నాళాలని మెడలోని నాళాలకి కుడతారు. కాలి చర్మం నోటిలోపలి పొరగా మారుతుంది. దవడకి ఈ పద్ధతిని అమెరికా సర్జన్ హిడాల్గో 1989లో ప్రకటించారు.

ఉదయం ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళారు. బయటికి తెచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. మెడలో గడ్డలు కూడా తీశారు. మొదటి రెండు మూడు రోజులే గండం. కుట్టిన నాళంలో రక్తం గడ్డకడితే వెంటనే మళ్ళీ థియేటరుకి తీసుకెళ్ళాలి. అందుకే నర్సు గంటగంటకీ ఆ చర్మం రంగు చూసేది. ఊపిరికి గొంతులో గొట్టం, ఆహారానికి ముక్కులో గొట్టం. మాట లేదు కాబట్టి పలక ఇచ్చాం. దాని మీద ఆయన రాసిన మొదటి మాట "టీ".

ఆరో వారంలో రేడియేషన్ మొదలైంది. నోరు తెరవడానికి, మింగడానికి రోజూ వ్యాయామాలు చేయించారు.

ముఖం పూర్తిగా మునుపటిలా ఉందని అబద్ధం చెప్పను. గడ్డం కాస్త ఒక పక్కకి లాగినట్టుంటుంది, మెడ మీద మచ్చ ఉంది. కింది పెదవికి సగం స్పర్శ లేదు. అన్నం మెతుకు అంటుకున్నా తెలీదు, నేనే సైగ చేస్తాను. జంతికలు, చేగోడీలు మానేశారు. "ప", "బ" సరిగ్గా పలకవు. బస్సు దిగి డిపోలో కాగితాల పని చూసుకుంటున్నారు. అయినా పెళ్ళికి వెళ్తే పప్పన్నం పంక్తిలోనే కూర్చుని తింటారు.

మీ ఇంట్లో ఎవరికైనా నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపిస్తే, నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే ఆగకండి. ఈఎన్‌టీ డాక్టరుకో, పళ్ళ డాక్టరుకో చూపించండి. ఆపరేషన్ అంటే, "తీసినచోట ఏం పెడతారు? ఎవరు పెడతారు?" అని అక్కడే అడగండి. ముఖం గురించి అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. కానీ ఆ ప్రశ్నతో ఇంట్లో కూర్చుంటే పుండు మన కోసం ఆగదు.