పాదమునకు తగిన పాదరక్ష

క్రీడోత్సవములు సమీపించినపుడు పాఠశాలల ఆటస్థలములలో ఒక దృశ్యము తరచుగా కనుపించును. సంవత్సరమంతయు పరుగెత్తని బాలుడు ఒక్కసారిగా దినమునకు రెండు పూటలు పరుగెత్త నారంభించును. కొలది దినములకే మోకాలి క్రింది ముందరి యెముక వెంబడి నొప్పి పుట్టును. పందెమునుండి తొలగింతురేమో యను భయముచే అతడు దానిని దాచును. తల్లిదండ్రులు ఖరీదైన బూట్లు కొనియిచ్చినచో అంతయు సరియగునని తలంతురు. బూట్లు ఎంతవరకు సాయపడును? వాని శక్తి ఎచ్చట ముగియును? ఇది తెలిసికొనుట విద్యార్థులకును తల్లిదండ్రులకును అవసరము.

క్రిందపడి కాలు విరుగుట ఒక్క క్షణములో జరుగును. అతిశ్రమచే కలుగు బాధ అట్టిది కాదు. పరుగెత్తునపుడు ప్రతి యడుగునను కాలిపై శరీరపు బరువునకు రెండు మూడు రెట్ల తాకిడి కలుగును. ఒక కిలోమీటరు దూరములో ఇట్టి యడుగులు సుమారు 1000 పడును. ఈ తాకిడిచే ఎముకలలోను, కండరములను ఎముకలతో కలుపు స్నాయువులలోను సూక్ష్మమైన నష్టము కలుగును. విశ్రాంతి సమయమున శరీరము దానిని బాగుచేసికొని, మునుపటికంటె గట్టిపడును. ఆ పని పూర్తికాకమునుపే మరల మరల తాకిడి పడినచో నష్టము పేరుకొని నొప్పిగా పరిణమించును. 8 మొదలు 14 ఏండ్ల వరకు గల పిల్లలలో మడమయెముక ఇంకను పెరుగుచుండును గాన, పరుగెత్తు పిల్లలకు మడమ వెనుక నొప్పి కలుగుట సాధారణము.

బూటును పాదమునకు సరిపరచు విద్యలో అమెరికా దేశమందలి ఆరెగాన్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బోవర్మన్ ప్రసిద్ధుడు. ఆ కాలపు బూట్లు మిక్కిలి బరువైనవని యెంచి, ఆయన 1950వ దశకములో బూట్లు కుట్టు పనిని స్వయముగా నేర్చుకొనెను. శిష్యుల పాదముల ఆకృతిని కాగితముపై గీసికొని, ఎవరి పాదమునకు తగినట్లు వారికి బూట్లు తయారుచేసి యిచ్చెను.

మనము కొత్త బూట్లు కుట్టుకొననక్కరలేదు; కొన్నవానినే సరిపరచుకొనవచ్చును. పాదములు సాయంకాలమునకు కొంచెము ఉబ్బును గాన, అప్పుడే మేజోళ్లు తొడిగి, నిలువబడి కొలత చూడవలెను. రెండు పాదములును సమానముగా ఉండకపోవచ్చును. పెద్దదానినే ప్రమాణముగా గైకొనవలెను. పొడవైన వ్రేలికి ముందు ఒక బొటనవ్రేలి వెడల్పు ఖాళీ యుండవలెను. కాగితముపై పాదమును గీసి, బూటులోని మెత్తటి అట్టను తీసి దానిపై పెట్టి చూడుడు. గీత అట్టను దాటి బయటకు వచ్చినచో ఆ బూటు ఇరుకు. “రెండేండ్లు వచ్చును” అని పెద్దబూట్లు కొనుట పొదుపు కాదు. పాదము లోపల జారి బొబ్బలు లేచును. జారకుండుటకై వ్రేళ్లు బిగబట్టవలసివచ్చును.

మడమ జారుచున్నచో లేసును మరియొక విధముగా కట్టవచ్చును. అన్నిటికంటె పై రంధ్రములో ఆ ప్రక్క లేసునే దూర్చి చిన్న ఉచ్చుగా విడిచి, ఎదుటి ప్రక్క లేసును ఆ ఉచ్చుగుండా లాగి ముడి వేయవలెను. పాదము పైభాగము ఒత్తుకొనుచున్నచో, అచ్చట లేసును అడ్డముగా దాటింపక ప్రక్కనే పైకి తీసికొనిపోవలెను. మడమనొప్పి గలవారికి మడమ క్రింద మెత్తటి దిండు ఉపశమనము నీయవచ్చును. దానిని రెండు బూట్లలోను సమముగా పెట్టవలెను. పాదము చదునుగా ఉండుట మాత్రమే రోగము కాదు. నొప్పి లేనప్పుడు దానికై వేరు సాధనము కొననక్కరలేదు. ఏ మార్పునైనను ఒక్కొక్కటిగా చేసి, మొదట నడకలో పరీక్షింపవలెను.

ఇంతటితో గాయములు రావని యనుకొనరాదు. అమెరికా సైన్యములో కొత్తగా చేరినవారికి అరికాలి ఆకృతిని బట్టి బూట్లు పంచి చూచిరి. ఆకృతిని చూడక అందరికి ఒకే రకము ఇచ్చినవారితో పోల్చగా గాయములు చెప్పుకొనదగినంతగా తగ్గలేదని 2009, 2010 సంవత్సరములలో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. ఇథియోపియా దేశపు అబెబె బికిలా 1960లో రోము నగరమున వట్టి పాదములతోను, 1964లో టోక్యోలో బూట్లతోను మారథాన్ గెలిచెను. బూట్లు లేని బాలుడు అందువలన నిరాశ చెందనక్కరలేదు. అలవాటును ఒక్కసారిగా మార్చకుండుటయే ముఖ్యము.

బోవర్మన్ శిష్యులకు బూట్లతోపాటు ఒక నియమమును గూడ ఇచ్చెను. ఒకనాడు కఠినముగా సాధన చేసినచో మరునాడు తేలికగా పరుగెత్తవలెను. స్వహస్తములతో బూట్లు కుట్టినవాడే విశ్రాంతిని విధించెననుట గమనింపదగినది.

విద్యార్థులారా! ఎముకపై ఒక్కచోట వ్రేలితో నొక్కినపుడు నొప్పి పుట్టినను, విశ్రాంతిలో గూడ బాధ తగ్గకున్నను, కుంటుచు నడువవలసివచ్చినను పరుగు మానుడు. ఉపాధ్యాయునికిని ఇంటివారికిని చెప్పుడు. ఎముకలో సన్నని చీలిక యుండవచ్చును, వైద్యుడు చూడవలెను. నొప్పిని చెప్పుట పిరికితనము కాదు. తల్లిదండ్రులారా! బిడ్డ అట్లు చెప్పినపుడు కోపింపకుడు. ఒక పందెము పోయినను మరుసటి యేడు మరల వచ్చును. కాలు మాత్రము జీవితాంతము కావలసినది.