పోలీస్ నడుముకు గన్.. స్కాట్లాండ్ జనం ఎందుకు ఉలిక్కిపడ్డారు?

మన దగ్గర ఎస్సై బెల్టుకు పిస్టల్ కనిపిస్తే ఎవరూ ఆగి చూడరు. బందోబస్తులో తుపాకులు కూడా మామూలే. కానీ స్కాట్లాండ్‌లో అదే సీన్ పెద్ద దుమారం రేపింది. చివరికి పోలీసులే వెనక్కి తగ్గారు. ఇంతకీ అక్కడ ఏం జరిగింది?

అక్కడ పోలీసులకు గన్ ఉండదా?

బ్రిటన్‌లో ఒక్క నార్తర్న్ ఐర్లాండ్‌లో తప్ప, మామూలు పోలీసులు తుపాకీ లేకుండానే డ్యూటీ చేస్తారు. లాఠీ, బేడీలు, స్ప్రే.. వాళ్ల దగ్గర ఉండేవి ఇలాంటివే. తుపాకీ అవసరమైతే స్పెషల్ ట్రైనింగ్ తీసుకున్న టీమ్‌లు దిగుతాయి. జనం నమ్మితేనే పోలీసింగ్ నడుస్తుందన్నది అక్కడి పాత సూత్రం.

ఏం మారింది?

2013 ఏప్రిల్ 1న స్కాట్లాండ్‌లోని 8 పోలీస్ విభాగాలను కలిపి 'పోలీస్ స్కాట్లాండ్' ఏర్పాటు చేశారు. దానికి అప్పటి బాస్ చీఫ్ కానిస్టేబుల్ స్టీఫెన్ హౌస్. పేరులో కానిస్టేబుల్ ఉన్నా, అది మన డీజీపీ లాంటి పోస్టు. స్పెషల్ టీమ్‌లు డ్యూటీలో ఉన్నంతసేపూ నడుముకు పిస్టల్ పెట్టుకోవచ్చన్న అనుమతి అప్పటి నుంచి దేశమంతా అమలైంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. పెద్ద కేసులు లేనప్పుడు ఈ టీమ్‌లు రోజువారీ పనులకూ వెళ్లేవి. నేరాలు తక్కువగా ఉండే హైలాండ్స్ ప్రాంతంలో, ఇన్వర్నెస్ లాంటి ఊళ్లలో మామూలు డ్యూటీలోనూ గన్‌తో పోలీసులు కనిపించడంతో జనంలో కంగారు మొదలైంది. గతంలో పోలీస్‌గా పనిచేసిన ఎమ్మెస్పీ, అంటే అక్కడి పార్లమెంట్ సభ్యుడు జాన్ ఫిన్నీ కూడా గట్టిగా ప్రశ్నించారు.

పోలీసులు ఏమన్నారు?

గన్ ఉన్నది 275 మందికే, మొత్తం ఫోర్స్‌లో సుమారు 1.6 శాతమేనన్నారు. ఆయుధం ఒంటిమీదే ఉంటే ప్రమాదం ఎదురైనప్పుడు వెంటనే స్పందించొచ్చన్నది వాళ్ల వాదన. అందులోనూ న్యాయం లేకపోలేదు. కానీ జనం అడిగింది వేరు.. 'ఇంత పెద్ద మార్పు చేసేముందు మాకు ఒక్క మాటైనా చెప్పారా?'

చివరికి ఏమైంది?

విమర్శలు పెరగడంతో 2014 అక్టోబర్ 1న పోలీసులు రూల్ మార్చారు. తుపాకులతో ముడిపడిన ఘటనలకు, ప్రాణాలకు ముప్పు ఉన్న చోటికి మాత్రమే ఆ టీమ్‌లను పంపుతామని ప్రకటించారు. ఈ వ్యవహారంపై రెండు రివ్యూలు కూడా జరిగాయి. ఈ నిర్ణయం జనంపై చూపే ప్రభావాన్ని పోలీసులు తక్కువ అంచనా వేశారని పోలీస్ అథారిటీ రివ్యూ తేల్చింది.

గమనించాల్సింది ఏంటంటే.. చీఫ్‌కు ఆ అధికారం ఉందా లేదా అన్నది ఇక్కడ అసలు గొడవ కాదు. సేఫ్టీ కోసమే తెచ్చిన మార్పైనా, ఎందుకో ముందే వివరించకపోతే జనానికి ధైర్యం రాదు, అనుమానమే వస్తుంది. కొత్త ఆయుధమైనా, కొత్త కెమెరా అయినా ఏ ఊరి పోలీసులకైనా వర్తించే మాటే ఇది.