మీకు తెలుసా? వాడకానికి ఒక ఖాతా, దాపుడుకు ఇంకొకటి

వింజమూరు, ఉదయగిరి వైపు పెద్దలు ఎరిగిన పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో రాయలసీమ, శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి అయింది. 2025 మే 1 నుంచి అదీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమే. బోర్డు మారింది.

బ్యాంకు పేరు ఏదైనా, రోజువారీ ఖర్చులకు బేసిక్ సేవింగ్స్ ఖాతా చాలు. జనధన్ ఖాతా ఆ రకానిదే. కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డుకు ఏడాది రుసుము లేదు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. ఒక్కటే మెలిక: అదే బ్యాంకులో మీ పేరున మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. అందుకే దాచుకునేది వేరే బ్యాంకులోనో, రూ.500తో మొదలయ్యే పోస్టాఫీసు పొదుపు ఖాతాలోనో పెట్టుకోవడం మేలు.

2010 ఏప్రిల్ 1కి ముందు బ్యాంకులు 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వకే వడ్డీ కట్టేవి. 11న వేసిన సొమ్ముకు ఆ నెల వడ్డీ సున్నా! ఇప్పుడు బ్యాంకుల్లో ఏ రోజు నిల్వకు ఆ రోజే లెక్క.

డిపాజిట్ బీమా మాత్రం ఒక్కో బ్యాంకుకు, అన్ని బ్రాంచీలూ కలిపి, వడ్డీతో సహా రూ.5 లక్షల వరకే. ఒకే బ్యాంకులో వింజమూరులో కొంత, ఆత్మకూరులో కొంత వేసినంత మాత్రాన అది రెట్టింపు కాదు.