క్లే థాంప్సన్: అప్పుడు సున్నా.. ఏడాదికి అదే కోర్టులో 23! షూటర్ ఫామ్ పోయిందంటే తప్పు చేతిదేనా?

అదే తేదీ.. అదే కోర్టు.. ఎదురుగా అదే టీమ్. 2024 ఏప్రిల్ 16న శాక్రమెంటోలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జెర్సీతో దిగిన క్లే థాంప్సన్ పది షాట్లు వేశాడు. ఒక్కటీ పడలేదు. స్కోరు సున్నా. వారియర్స్ 94-118తో చిత్తుగా ఓడి ఇంటిదారి పట్టింది. సరిగ్గా ఏడాది తర్వాత, 2025 ఏప్రిల్ 16న, మళ్లీ అక్కడే శాక్రమెంటో కింగ్స్‌తో ఆడాడు. ఈసారి ఒంటి మీద డాలస్ మావెరిక్స్ జెర్సీ. 23 పాయింట్లు కొట్టాడు. డాలస్ 120-106తో గెలిచింది.

రెండూ ప్లే-ఇన్ మ్యాచ్‌లే. అంటే ఓడితే సీజన్ అక్కడితో సరి. మరి సున్నా కొట్టినవాడు చేతకానివాడా? 23 కొట్టినవాడు మళ్లీ హీరోనా? ఆ సున్నా మీద అప్పట్లో వచ్చిన మీమ్స్ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. కానీ అసలు సంగతి వేరే ఉంది.

ఎవరీ థాంప్సన్?

బాస్కెట్‌బాల్ పెద్దగా చూడనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్పాలంటే.. స్టెఫ్ కర్రీ పక్కన నిలబడి దూరం నుంచి త్రీలు కొట్టే మనిషి. ఈ ఇద్దరినీ కలిపి స్ప్లాష్ బ్రదర్స్ అంటారు. థాంప్సన్ వారియర్స్‌తో 13 సీజన్లు ఉన్నాడు. 2015, 2017, 2018, 2022ల్లో నాలుగు టైటిళ్లు గెలిచాడు. 2015లో ఒకే క్వార్టర్‌లో, అంటే పన్నెండు నిమిషాల్లో, 37 పాయింట్లు కొట్టాడు. అదీ ఇదే శాక్రమెంటో మీద! 2018లో షికాగో మీద ఒకే మ్యాచ్‌లో 14 త్రీలు వేశాడు. అది ఎన్‌బీఏ రికార్డు.

అయితే అన్నిటికన్నా పనికొచ్చే లెక్క ఇంకోటుంది. 2016 డిసెంబర్‌లో ఇండియానా మీద 29 నిమిషాలు ఆడి 60 పాయింట్లు కొట్టాడు. ఆ మ్యాచ్ మొత్తంలో బంతి అతడి చేతిలో ఉన్నది సుమారు 90 సెకన్లు. నేలకు కొట్టింది, అంటే డ్రిబుల్ చేసింది, 11 సార్లు. అంతే! బంతి రావడం, గాల్లోకి లేపడం.. ఇంతే పని. మిగతా టైమంతా ఖాళీ చేతులతో పరుగే.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఇతగాడి బలమూ అదే, బలహీనతా అదే. బంతి తనే తెచ్చుకుని తనే కొట్టేవాడైతే ఏ టీమ్‌లో ఉన్నా పెద్ద తేడా రాదు. థాంప్సన్ అలా కాదు. అతడి షాట్‌లో సగం పాస్ ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది.

పాస్‌లో అంత ఏముంటుంది?

చాలా ఉంటుంది. మన ఊళ్లలో వాలీబాల్ ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నెట్ దగ్గర బంతి లేపేవాడు, స్మాష్ కొట్టేవాడు ఏళ్లతరబడి కలిసి ఆడితే కొట్టేవాడు బంతి లేవకముందే పరుగు మొదలుపెడతాడు. లేపేవాడు మారాడనుకోండి.. అదే చెయ్యి, అదే ఎగురుడు. కానీ బంతి జానెడు వెనక్కి పడుతుంది. స్మాష్ పోయి నెట్‌కు తగులుతుంది. చూసేవాళ్లు మాత్రం కొట్టినోడినే తిడతారు.

బాస్కెట్‌బాల్‌లోనూ అంతే. త్రీ పాయింట్ గీత రింగ్‌కు ఎదురుగా 7.24 మీటర్ల దూరంలో, మూలల్లో 6.7 మీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరం నుంచి వేసే షాట్‌కు బలం చేతుల నుంచి కాదు, కాళ్ల నుంచి వస్తుంది. అందుకే మంచి షూటర్ బంతి అందేలోపే మోకాళ్లు వంచి, పాదాలు సర్దుకుని రెడీగా ఉంటాడు. బంతి నడుముకు, ఛాతీకి మధ్య వచ్చిందా.. అందుకోవడం, లేవడం ఒకే కదలికలో అయిపోతాయి. అదే మోకాలి దగ్గరకొస్తే? వంగి తీసుకోవాలి. భుజం వెనక్కి వస్తే? ఒళ్లు తిప్పాలి. ఈలోగా డిఫెండర్ వచ్చి మీద పడతాడు. లేదా షాట్ వేసినా కాళ్ల బలం అప్పటికే కారిపోయి ఉంటుంది. బంతి రింగ్ ముందు అంచుకు తగిలి బయటికొస్తుంది. టీవీలో చూస్తే 'ఖాళీగా ఉన్నా మిస్ చేశాడు' అనే అనిపిస్తుంది. పాస్ ఎక్కడికొచ్చిందో రీప్లేలో కూడా చాలామంది చూడరు.

వారియర్స్‌లో థాంప్సన్‌కు ఆ బాధ లేదు. డ్రేమండ్ గ్రీన్ ఎప్పుడు తలెత్తుతాడో, ఎటు విసురుతాడో చూడకుండానే తెలుసు. కర్రీ ఒక పక్కకు పరిగెడితే ఇద్దరు డిఫెండర్లు వాడి వెంటే పోతారు.. రెండో పక్క థాంప్సన్ ఖాళీ. పన్నెండేళ్లకు పైగా రోజూ చేసిన పని అది.

మరి 2024లో ఏమైంది?

ఇక్కడ ఒళ్లు కూడా లెక్కలోకి వస్తుంది, దాచాల్సిన పనిలేదు. 2019 ఫైనల్స్‌లో మోకాలి ఏసీఎల్ తెగింది. కోలుకుని వచ్చేలోపే 2020 నవంబర్‌లో కాలి మడమ వెనక నరం, అకిలీస్, తెగింది. మొత్తం 941 రోజులు ఆటకు దూరం. 2022 జనవరిలో తిరిగొచ్చి అదే ఏడాది టైటిల్ గెలిచాడు కానీ, ఖాళీ దొరకబుచ్చుకునే ఆ పాత పరుగు తగ్గింది. 2024 ఫిబ్రవరిలో కోచ్ స్టీవ్ కెర్ అతడిని బెంచ్ మీద కూర్చోబెట్టాడు. బెంచ్ నుంచి వచ్చిన తొలి మ్యాచ్‌లోనే యూటాపై 35 కొట్టాడు! ఆ సీజన్ మొత్తానికి త్రీలలో 38.7 శాతం. తన పాత లెక్క 41 శాతం పైన. తగ్గింది నిజమే, కానీ లీగ్ సగటు కంటే అప్పటికీ ఎక్కువే.

ఆ సున్నా సంగతికొద్దాం. పది షాట్లలో త్రీలు ఆరు. నూటికి నలభై వేసే షూటర్ వరుసగా ఆరు మిస్ చేసే అవకాశం ఎంత? ఒక్కోసారి మిస్ అయ్యే అవకాశం 60 శాతం. దాన్ని ఆరుసార్లు హెచ్చవేస్తే సుమారు 5 శాతం వస్తుంది. అంటే మ్యాచ్‌కు ఆరు త్రీల చొప్పున వేస్తే ఇరవై ఒక్క మ్యాచ్‌లకు ఒకసారి, 82 మ్యాచ్‌ల సీజన్‌లో నాలుగుసార్ల దాకా, ఏ లోపమూ లేకుండానే ఆరుకు సున్నా రావచ్చు. నవంబర్‌లో వస్తే ఎవరికీ గుర్తుండదు. ఇతగాడి ఖర్మ.. చావో రేవో మ్యాచ్‌లో వచ్చింది. వారియర్స్ తరఫున అదే అతడి చివరి మ్యాచ్ కూడా అయింది.

డాలస్‌లో కొత్త కాపురం

2024 జులైలో మూడేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందంతో డాలస్ వెళ్లాడు. (ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్ల జనాభా తెలిసిందే. అక్కడ చుట్టాలున్న ఇళ్లలో ఈ కబురు కాస్త ముందే చేరి ఉంటుంది.) తొలి మ్యాచ్‌లోనే శాన్ ఆంటోనియో మీద ఆరు త్రీలు, 22 పాయింట్లు. అంతా సెట్ అయిపోయిందనుకున్నారు. ఆ జోరు ఎక్కువ రోజులు నిలవలేదు.

కారణం సింపుల్. డాలస్ ఆట లూకా డాంచిచ్ చుట్టూ తిరిగేది. అంతకుముందు సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 33.9 పాయింట్లతో లీగ్ టాప్ స్కోరర్ అతడే. బంతి లూకా చేతిలో చాలాసేపు ఉంటుంది. ఇద్దరు డిఫెండర్లు మీదకొచ్చాక, కోర్టు ఆ మూల నుంచి ఈ మూలకు పాస్ విసురుతాడు. పాస్ అద్భుతమే. కానీ అందుకునేవాడు అప్పటిదాకా మూలలో నిలబడి ఎదురుచూడాలి. జీవితమంతా పరిగెడుతూ షాట్ వేసినవాడికి నిలబడి వేయడం కొత్త. ఖాళీ ఎక్కువే దొరుకుతుంది గానీ ఒంట్లో వేగం ఉండదు. ఖాళీగా వదిలేస్తే సులువు అనుకుంటాం కదా.. షూటర్లకు అన్నిసార్లూ కాదు.

ఆ నవంబర్ 12న పాత ఊరికి, శాన్‌ఫ్రాన్సిస్కోకు, ప్రత్యర్థిగా వెళ్లాడు. అతడు పడవలో మ్యాచ్‌లకు వచ్చేవాడని గుర్తుచేస్తూ వారియర్స్ అభిమానులకు కెప్టెన్ టోపీలు పంచింది. అక్కడ మళ్లీ ఆరు త్రీలు కొట్టాడు. గెలిచింది మాత్రం కర్రీయే, 120-117తో.

మెల్లగా లూకాతో లెక్క కుదురుతోంది అనుకునేలోపు పిడుగు పడింది. 2025 ఫిబ్రవరి మొదట్లో డాలస్ లూకాను లేకర్స్‌కు ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుంది. డేవిస్ డాలస్ తరఫున తొలి మ్యాచ్‌లోనే గాయపడి ఆరు వారాలు కూర్చున్నాడు. మార్చి 3న కైరీ ఇర్వింగ్‌కు ఏసీఎల్ తెగింది. అంటే థాంప్సన్‌కు పాస్ ఇవ్వాల్సిన ఇద్దరూ నెల రోజుల్లో మాయం. మళ్లీ మొదటి మెట్టు!

అయినా సీజన్ ముగిసేసరికి త్రీలలో 39.1 శాతం. వారియర్స్‌లో చివరి ఏడాది కంటే ఒక చిటికెడు ఎక్కువే. మ్యాచ్‌కు 14 పాయింట్లు. ఇద్దరు పెద్ద పాసర్లు పోయిన టీమ్‌లో, 35 ఏళ్ల వయసులో, రెండు పెద్ద గాయాల కాళ్లతో వేసిన శాతం అది. నా లెక్కలో ఈ 39.1 ముందు శాక్రమెంటో 23 కూడా చిన్నదే. ఒక రాత్రి ఎవరికైనా కలిసొస్తుంది, ఆరు నెలలు ఊరికే కలిసిరాదు.

ఆ ఏప్రిల్ 16 రాత్రికి డేవిస్ తిరిగొచ్చి ఉన్నాడు. రింగ్ దగ్గర అతడికి బంతి అందితే చాలు, డిఫెండర్లు లోపలికి ముడుచుకుంటారు. బయటున్నవాడికి పాస్ దగ్గర నుంచి, ఎదురుగా వస్తుంది. థాంప్సన్‌కు కావాల్సింది అదే. డేవిస్ 27, థాంప్సన్ 23.

రెండు రోజుల తర్వాత మెంఫిస్‌లో ఓడి డాలస్ ఇంటికెళ్లింది. జూన్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో కూపర్ ఫ్లాగ్ అనే 18 ఏళ్ల కుర్రాడిని తెచ్చుకుంది. థాంప్సన్ ఎన్‌బీఏలోకి వచ్చేనాటికి ఆ పిల్లాడికి నాలుగేళ్లు. ఆపై వీడి పాస్ ఏ ఎత్తులో వస్తుందో నేర్చుకోవాల్సి వచ్చింది.