ఊ కొట్టే మనిషి

పసిపిల్లలకు మాటలు ఎలా వస్తాయని అడిగితే మన అమ్మమ్మలు నవ్వుతారు. "వాళ్ళతో మాట్లాడితే వస్తాయి, ఇంకెలా వస్తాయిరా?" అంటారు. ఆ మాట ఎంత నిజమో లెక్కలతో సహా తేలిన దేశం రుమేనియా. ఆ లెక్కల వెనక అక్కడి పసివాళ్ళు పడ్డ బాధ మాత్రం అంతా ఇంతా కాదు.

1966లో చౌషెస్కూ ప్రభుత్వం జనాభా పెంచాలని గర్భస్రావాలను నిషేధించింది. సాకలేని తల్లిదండ్రులు ఎందరో బిడ్డల్ని సర్కారు శిశుగృహాల్లో వదిలేశారు. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి అక్కడ పెరుగుతున్నవాళ్ళు లక్షకు పైనే. పదిమందికి పైగా పిల్లలకు ఒక్క ఆయా. పాలసీసా వేళకు అందినా, అందించే ముఖం పూటకొకటి. ఆ వార్డుల్లో అడుగుపెట్టిన పరిశోధకులను కలవరపెట్టింది అక్కడి నిశ్శబ్దం. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన బిడ్డ ఏడవడం మానేస్తుంది.

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు 2000లో బుకారెస్ట్‌లో పని మొదలుపెట్టారు. 6 నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లల్ని తీసుకుని, చీటీలు వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతా సగాన్ని ఎందుకు వదిలేశారని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అప్పటికి ఆ ఊళ్ళో పెంపుడు కుటుంబాలే దాదాపు లేవు, ఉన్న కొద్ది ఇళ్ళనూ వీళ్ళే డబ్బిచ్చి ఏర్పాటు చేశారు. ఆ జవాబుతో నా మనసు పూర్తిగా సమాధానపడలేదు.

మూడున్నరేళ్ళ వయసులో ఆ పిల్లల భాషను పరీక్షించారు. 15 నెలల లోపు ఇంటికి చేరినవాళ్ళు మామూలు ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్లలతో సమానంగా ఉన్నారు. రెండేళ్ళ లోపు చేరినవాళ్ళూ బాగా పుంజుకున్నారు. రెండేళ్ళు దాటాక చేరినవాళ్ళకూ, శిశుగృహంలోనే ఉన్నవాళ్ళకూ అప్పటికి పెద్ద తేడా కనబడలేదు. నేను కంప్యూటర్ల మనిషిని. పోయిన డేటాను బ్యాకప్‌లోంచి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చనే ధీమాతో బతికేవాణ్ణి. ఈ అంకెలు చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బిడ్డ "ఉంగా" అంటే అమ్మ "ఉంగా" అంటుంది. బిడ్డ కాకి వైపు చూస్తే నాన్న "అదుగో కాకి" అంటాడు. చూసిన వస్తువుకూ విన్న శబ్దానికీ అలా ముడి పడుతుంది. టీవీ రోజంతా మాట్లాడినా ఆ పని చెయ్యదు, ఎందుకంటే అది ఊ కొట్టదు. ఇది చదువుతున్న పిల్లలూ, మీ చెల్లాయి "తాత్తా" అన్నప్పుడు మీరు పలికే ప్రతి జవాబూ తనకొక పాఠమే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే మాట ఆలస్యమవుతుందని భయపడే తల్లిదండ్రులు కూడా ఒకటి గమనించాలి. ఇక్కడ కరువైనది భాషలు కాదు, మనుషులు.

రుమేనియా 2004లో చట్టం చేసి, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్ళ లోపు పిల్లల్ని సంస్థల్లో పెట్టడం నిషేధించింది. తరవాత ఆ వయసును పెంచింది కూడా. మన దగ్గర దత్తత కాగితాలు తేలేదాకా శిశుగృహాల్లో పసివాళ్ళకు నెలలు గడిచిపోతాయి. పెద్దవాళ్ళకు నెల అంటే ఒక జీతం. పదినెలల బిడ్డకు అది జీవితంలో పదోవంతు.

మనం సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లల పుట్టినరోజు పేరిట ఆశ్రమాల్లో భోజనాలు పెట్టి, బిస్కెట్లు పంచి, ఫోటోలు దిగి వస్తాం. తప్పేం లేదు, ఆకలి ఆకలే. కాని ఈసారి అక్కడివాళ్ళను ఒక ప్రశ్న అడగండి: ఈ బిడ్డను రోజూ ఎత్తుకునే మనిషి ఎవరు? మా ఊళ్ళో ఎనిమిది కుటుంబాలం కలిసి, గుంటూరు వైపు ఒక చిన్న శిశుగృహంలో ఇద్దరు ఆయాల జీతం కడుతున్నాం. మేము పెట్టిన షరతు ఒకటే: నలుగురేసి పిల్లల్ని అప్పగించాక, ఆ ఆయాలను వేరే గదికి మార్చకూడదు.