తోలు భుజసంచి

తోలు భుజసంచి అనగా పదును చేసిన జంతు చర్మంతో కుట్టి, పట్టీ సాయంతో భుజానికి తగిలించుకొనే సంచి. దీనిని షోల్డర్ బ్యాగ్ అని కూడా వ్యవహరిస్తారు. దశాబ్దాల క్రితపు నమూనాలను డిజైనర్ సంస్థలు మళ్ళీ తయారుచేయడం 21వ శతాబ్దంలో ఒక ధోరణిగా మారింది. పాత సంచుల అందానికి మూలమైన చర్మశుద్ధి పద్ధతికి తెలుగునాటతో దగ్గరి సంబంధం ఉంది.

పాత నమూనాల పునరాగమనం

ఇటలీకి చెందిన గుచ్చి సంస్థ 1961లో నెలవంక ఆకారంలో ఒక భుజసంచిని తయారుచేసింది. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ భార్య జాక్వెలిన్ దీనిని తరచుగా వాడడం వలన దీనికి "జాకీ" అనే పేరు స్థిరపడింది. 2020లో ఇది "జాకీ 1961" పేరుతో తిరిగి వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన డియోర్ సంస్థ కొరకు జాన్ గలియానో 1999లో గుర్రపు జీను ఆకారంలో రూపొందించిన "శాడిల్" సంచి 2018లో మరల మార్కెట్లోకి వచ్చింది.

ఇవి పాత సంచులు కావు. పాత ఆకారాన్ని అనుసరించి కొత్తగా కుట్టినవి. గతంలో తయారై, మళ్ళీ అమ్మకానికి వచ్చిన సంచిని మాత్రమే "వింటేజ్" అనడం సరైనది.

తోలు పదును చేయు విధానం

పచ్చితోలును సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలు తొలగిస్తారు. తరువాత తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటి రసంలో ఊరవేస్తారు. ఇందుకు వాడే తొట్టిని లంద అంటారు. ఆ రసంలోని టానిన్లు చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో బంధం ఏర్పరచుకొనడం వలన తోలు కుళ్ళదు. ఈ పనికి వారాలు పడుతుంది. 19వ శతాబ్దం చివర వచ్చిన క్రోమియం లవణాల పద్ధతిలో ఇది చాలా త్వరగా పూర్తవుతుంది. నేడు ప్రపంచంలో అధిక భాగం తోలు ఈ పద్ధతిలోనే తయారవుతుంది. అయితే వాడేకొద్దీ రంగు ముదిరి మెరుపు తేలడం చెక్కతో పదును చేసిన తోలు ప్రత్యేకత.

తెలుగువారితో సంబంధం

తెలుగు గ్రామాలలో తోలు పనిని తరతరాలుగా మాదిగ కులస్థులు చేసేవారు. చెప్పులు, డప్పులు, బావినుండి నీరు తోడే మోట సంచులు వారి చేతిలోనే తయారయ్యేవి. సేద్యానికి ఇంత అవసరమైన పని చేసినా వారు అంటరానితనానికి గురయ్యారు.

బ్రిటిషు పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు "ఈస్టిండియా తోళ్ళు" పేరుతో లండన్ చేరేవి. అవి వస్తువులుగా మారేది విదేశాలలోనే కనుక ఆ పనికి దక్కే ఆదాయం కూడా అక్కడే మిగిలేది.

కృష్ణా డెల్టాలో తెనాలి సమీపాన గల యలవర్రులో జన్మించిన శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ (1922–1985) 1958లో మద్రాసులోని కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థకు సంచాలకుడయ్యాడు. ప్రయోగశాలలోని పరిజ్ఞానాన్ని పరిశ్రమకు, గ్రామీణ చర్మకారులకు చేర్చడానికి కృషి చేశాడు. సగం పదును చేసిన తోళ్ళ ఎగుమతిపై భారత ప్రభుత్వం 1973 నుండి పరిమితులు విధించడంతో పూర్తిస్థాయి తోలు వస్తువుల తయారీ దేశంలో పెరిగింది. 1978లో దిలీప్ కపూర్ పుదుచ్చేరిలో చిన్న కార్ఖానాగా ప్రారంభించిన హైడిజైన్ సంస్థ చెక్కతో పదును చేసిన తోలుతో సంచులు తయారుచేసి పేరు పొందింది.

సంరక్షణ

విజయవాడ, గన్నవరం వంటి డెల్టా ప్రాంతాలలో వానాకాలపు తేమకు తోలు సంచులు బూజు పడతాయి. వాటిని ప్లాస్టిక్ కవరులో గాక నూలు గుడ్డలో చుట్టి, గాలి తగిలే చోట ఉంచాలి. తడిసిన సంచిని ఎండలో గాక నీడలో ఆరబెట్టాలి.

ఇవి కూడా చూడండి

యలవర్తి నాయుడమ్మ
తంగేడు
తోలుబొమ్మలాట